ఆదివారం పదకొండింటికి పదకొండు మంది: టిఫినూ భోజనమూ ఒకేసారి అయ్యేలా ఏం వండాలి?

మియాపూర్_అల్లుడు:

వచ్చే ఆదివారం మా అత్తగారి వైపు వాళ్లు పాలకొల్లు నుంచి వస్తున్నారు. సాయంత్రం కొంపల్లిలో పెళ్లి విందు, రాత్రికి తిరుగు రైలు. అంటే మా ఇంట్లో వాళ్లు చెయ్యి కడిగేది ఒక్క పూటే. నర్సాపురం బండి దిగి, ఇంటికొచ్చి, ఉన్న ఒక్క స్నానాల గదిలో అందరి స్నానాలూ అయ్యేసరికి పది దాటుతుంది. అప్పుడు టిఫిను పెడితే ఒంటిగంటన్నరకు మళ్లీ భోజనం పెట్టాలి. అది అరగకముందే విందుకు బయల్దేరాలి. అందుకని పదకొండింటికి ఒకే విడత పెట్టేద్దామని నిర్ణయించాను. నిర్ణయించిందీ నేనే, వండేదీ నేనే. మా ఆవిడ నర్సు. ఆ రోజు పొద్దుటి డ్యూటీ, మధ్యాహ్నం రెండు దాటితే గానీ ఇల్లు చేరదు. ఆమె వాటా తీసి పెట్టాలి.

మనుషుల లెక్క: అత్తగారు, మామగారు, బావమరిది, ఆయన భార్య, వాళ్ల పిల్లలిద్దరు. ఉప్పల్ నుంచి మరదలు, తోడల్లుడు, వాళ్లబ్బాయి. నేను, మా అమ్మాయి. మామగారికి షుగరు, పైగా కట్టుడు పళ్లు. పిల్లలు కారం ముట్టరు. అత్తగారు ఏదీ బాగాలేదని అనరు. "ఇందులో ఇంగువ వేశారా అల్లుడుగారూ?" అని మాత్రం అడుగుతారు. వేయలేదని ఆవిడకు ముందే తెలుసు.

సరంజామా: రెండు పొయ్యిల స్టవ్, ఇనుప పెనం ఒకటి, నాన్‌స్టిక్ పెనం ఒకటి, మిక్సీ, చిన్న ఫ్రిజ్. గ్రైండర్ లేదు.

అనుకున్నవి: పెసరట్టు ఉప్మా, దిబ్బరొట్టె, పెరుగు గారెలు, చింతపండు పులిహోర, దద్దోజనం, అల్లం పచ్చడి, కొబ్బరి పచ్చడి, బెల్లం పరమాన్నం, కాఫీ.

నేను బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపులో సూపర్‌వైజర్‌ని. యంత్రాలు రెండే ఉన్నప్పుడు ఏ పని ముందు ఎక్కించాలో, ఏది ఆపాలో రోజూ చూసుకునేదే. ఆ కంటితో చూస్తే పెసరట్టు దగ్గరే బండి ఆగుతోంది. ఒక్కో అట్టుకు మూడు నిమిషాలు. మనిషికి రెండు చొప్పున ఇరవై రెండు. ఒక్క పెనమైతే గంట దాటుతుంది. మొదట తిన్నవాళ్లు చేతులు కడుక్కుని టీవీ ముందుకు వెళ్లాక చివరివాళ్లకు అట్టు పడుతుంది. ముందే వేసి హాట్‌బాక్సులో పెడదామంటే ఆవిరికి తడిసి సాగుతుంది, అది నాకు నచ్చదు.

ఇంకో పట్టుదల కూడా ఉంది. నేనూ వాళ్లతో పాటు కూర్చుని తినాలి. మా ఇళ్లలో వండినవాళ్లు గిన్నెల అడుగున మిగిలినది తినడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. వండే వంతు నాకు వచ్చింది కాబట్టి ఆ పద్ధతి నా దగ్గర ఆపుతాను. ఎలా సర్దమంటారు?


భీమవరం_పిన్ని:

బాబూ, ముందు మీ మామగారి సంగతి చూడు. షుగరు మాత్ర వేసుకునే మనిషిని పదకొండింటిదాకా ఖాళీ కడుపుతో కూర్చోబెడతావా? ఆయన మొహమాటానికి అడగరు. బండి దిగి వచ్చాక ఎనిమిదిన్నరకల్లా ఆయనకు ఏదో ఒకటి పడాలి. పెసలు రాత్రే నానబెడతావు కదా, వాటిలో గుప్పెడు తీసి మిక్సీలో తిప్పి ఒక్క అట్టు వేసి ఇచ్చేయి. పదకొండింటికి మళ్లీ అందరితో కూర్చుంటారు.

ఇక నీ జాబితా. పులిహోర, దద్దోజనం, పరమాన్నం: మూడూ బియ్యమే. దద్దోజనం కొట్టేయి. కాస్త తెల్లన్నం, గట్టి పెరుగు, ఒక ఊరగాయ జాడీ బల్ల మీద పెట్టు. పెరుగన్నం ముద్ద పడకపోతే భోజనం చేసినట్టు ఉండదనే పెద్దవాళ్లు కలుపుకుంటారు, మిగతావాళ్లు అటు చూడరు. కొబ్బరి పచ్చడి కూడా ఎందుకు? పెసరట్టుకు అల్లం పచ్చడి ఉంటే ఇంకొకటి అక్కర్లేదు. మామగారికి మాత్రం బెల్లం పడకుండా కొత్తిమీర, పచ్చిమిర్చి, చింతపండు కలిపి చిన్న గిన్నెడు నూరిపెట్టు.

గారెలు శనివారం సాయంత్రమే వేసుకో. మినప్పప్పు నాలుగైదు గంటలు నానితే చాలు. ఎక్కువ నానితే నూనె పీలుస్తుంది. మిక్సీలో అయితే కొద్దికొద్దిగా వేసి, చల్లటి నీళ్లు చిలకరిస్తూ తిప్పు. మిక్సీ జారు వేడెక్కితే పప్పు కూడా వేడెక్కి గారె గట్టిపడుతుంది. పిండి చుక్క నీళ్ల గిన్నెలో వేస్తే తేలాలి. ఉప్పు చివర్లోనే కలుపు, ముందే వేస్తే పిండి జారుతుంది. అరకిలో పప్పుకు ముప్ఫై పైచిలుకు వస్తాయి. వేడి గారె తీసి గోరువెచ్చటి నీళ్లలో ముంచి, రెండు అరచేతుల మధ్య మెల్లగా అదిమి, అప్పుడు పెరుగులో వెయ్యి. నేరుగా పెరుగులో వేస్తే నడుమ పొడిగా ఉండిపోతుంది, మీ మామగారి పళ్లకు అదే ఇబ్బంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. తెల్లారేసరికి పెరుగంతా గారెలే తాగేస్తాయి. వడ్డించే ముందు మళ్లీ తాజా పెరుగు పోసి అప్పుడు తాలింపు పెట్టు.

పరమాన్నం ఉండాల్సిందే. అత్తింటివారు ఇంటికి వస్తే విస్తట్లో మొదట తీపి పడాలి.


మియాపూర్_అల్లుడు:

పిన్నిగారూ, మామగారి విషయం నిజంగా తట్టలేదు, ధన్యవాదాలు. దద్దోజనం, కొబ్బరి పచ్చడి కొట్టేశాను.

దిబ్బరొట్టె గురించే ఇంకా తేలలేదు. అది అత్తగారి చేతి వంట. మినప్పప్పు, ఇడ్లీ రవ్వ కలిపి, మందపాటి మూకుడులో పోసి, మూత పెట్టి సన్నసెగ మీద వదిలేస్తారు. అడుగు ఎర్రగా అట్టకట్టి, లోపల దూదిలా ఉంటుంది. చెరకు పానకంతో పెడతారు. ముక్కలు కోసి వడ్డించవచ్చు, పొయ్యి దగ్గర నిలబడే పని లేదు, అందుకే జాబితాలో పెట్టాను. కానీ పాలకొల్లు నుంచి వచ్చిన మనిషికి పాలకొల్లు రొట్టె పెట్టడమంటే కోరి పరీక్ష రాయడమే కదా అని ఇప్పుడు అనిపిస్తోంది.


ఓరుగల్లు_వంటిల్లు:

పరీక్ష మానేయండి అన్నా. వాళ్లు వస్తున్నది హైదరాబాదుకు. అక్కడ రోజూ దొరికేదే ఇక్కడా ఎందుకు పెట్టాలి? దిబ్బరొట్టె స్థానంలో సర్వపిండి చేయండి. అదీ మందపాటి గిన్నెలో మూత పెట్టి సన్నసెగ మీద అయ్యేదే, అదీ ముక్కలు చేసి పెట్టేదే. వేడిగా ఉన్నా బాగుంటుంది, ఆరినా బాగుంటుంది. ఆవిడ దగ్గర దీనికి కొలబద్ద ఉండదు కాబట్టి మీకు భయమూ ఉండదు.

అరకిలో బియ్యప్పిండికి గుప్పెడు శనగపప్పు (రెండు గంటలు నానాలి), గుప్పెడు వేయించిన పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, జీలకర్ర, ఉల్లిపాయ ముక్కలు, కరివేపాకు, కొత్తిమీర, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ఉప్పు. మామగారి కోసం రెండు మార్పులు చేయండి. పల్లీలను బరకగా దంచి వేయండి. లేత సొరకాయ తురిమి పిండిలో కలపండి. సొరకాయతో సర్వపిండి మా వైపు మామూలే. తురుములోనే నీళ్లుంటాయి కాబట్టి ముందు అది కలిపి, తర్వాత అవసరమైతేనే నీళ్లు చల్లుకోండి. ముద్ద చపాతీ పిండికన్నా మెత్తగా ఉండాలి.

ఇప్పుడు అసలు కిటుకు. గిన్నె చల్లగా ఉన్నప్పుడే పిండి తట్టాలి. అడుగునా పక్కలకూ నూనె రాసి, నారింజపండంత ముద్దను గిన్నె అడుగున పెట్టి, తడి వేళ్లతో పక్కలకు ఎక్కేలా పలుచగా ఒత్తండి. వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేయండి. మూత పెట్టి సన్నసెగ మీద పది పన్నెండు నిమిషాలు. తిరగేయకూడదు. పైభాగం ఆవిరికే ఉడుకుతుంది, అడుగు కరకరలాడుతుంది. అంచులు గిన్నెను వదిలితే అయినట్టే. ఒకటి తీశాక గిన్నె కాలుతూ ఉంటుంది. అందులో పిండి తడితే చెయ్యి కాలడమే కాదు, పిండి కూడా అంటుకోకుండా ముద్దగా వెంట వచ్చేస్తుంది. కాబట్టి గిన్నెలు కనీసం మూడు పెట్టుకోండి. రెండు పొయ్యి మీద ఉంటే ఒకటి ఆరుతూ ఉంటుంది. మీరు యంత్రాల మనిషి, మీకు వివరించక్కర్లేదు. అరకిలోకు నాలుగైదు అవుతాయి.


ఎడిసన్_తెలుగు:

నా మాట వింటే ఇడ్లీలు చేసి ఊరుకోండి. ఒక్కసారి ఆవిరి మీద పెడితే పదహారు వస్తాయి, అందరూ ఒకేసారి తింటారు. మా ఇంటికి అత్తామామలు ఇండియా నుంచి వచ్చినప్పుడు నేను అదే చేశాను. కరెంటు పొయ్యి మీద పెసరట్టు వేయబోతే పెనం వేడెక్కడానికి ఒక యుగం, అది కాస్తా వేడెక్కాక పొగ అలారం మోగి ఇల్లంతా గందరగోళం.


మియాపూర్_అల్లుడు:

ఎడిసన్ గారూ, ఇడ్లీ పెడితే అది టిఫినే అవుతుంది, ఒంటిగంటకు భోజనం ఎప్పుడని అడుగుతారు. పైగా చలికాలం, గ్రైండర్ లేదు, పిండి పులుస్తుందో లేదోనని రాత్రంతా కాపలా కాయలేను. పెసరట్టుకు పులియబెట్టే బాధే లేదు.

ఓరుగల్లు వంటిల్లు గారికి దండం. సర్వపిండి ఖాయం. మందపాటి అల్యూమినియం గిన్నెలు మా ఇంట్లో రెండున్నాయి, మూడోది పక్కింటి వాళ్లను అడుగుతాను.

ఇక పెసరట్టు ఒక్కటే మిగిలింది.


బెజవాడ_విందు_వంటలు:

కేటరింగ్ చేసేవాణ్ణి, టిఫిన్ల బల్ల దగ్గర నిలబడి అట్లు పోయడం అలవాటు. మీ లెక్క సరైనదే, కానీ వడ్డించే పద్ధతి మార్చండి.

మనిషికి ఒక అట్టు అనుకోకండి. పెద్ద అట్టు వేసి, నడిమికి కోసి ఇద్దరికి పెట్టండి. రెండు పెనాల మీద ఆరు అట్లు పది నిమిషాల లోపే వస్తాయి. పదకొండు మందికీ సగం చొప్పున వేడి అట్టు చేరిపోతుంది. అప్పటికే వాళ్ల పళ్లెంలో పరమాన్నం, సర్వపిండి ముక్క, పెరుగు గారె ఉంటాయి కాబట్టి ఎవరూ పెనం వైపు చూస్తూ కూర్చోరు. రెండో విడత ఇంకో ఆరు. మూడో విడతకు అడిగి వేయండి, సగానికి సగం మంది చాలంటారు. ఇరవై రెండు అట్లు మీరు కాగితం మీద వేస్తున్నారు, జనం అన్ని తినరు.

ఉప్మా లోపల పెట్టి మడవకండి. హైదరాబాదులో ఎమ్మెల్యే క్వార్టర్ల పేరు మీద దానికి ఎమ్మెల్యే పెసరట్టు అని పేరొచ్చిందంటారు, వినడానికి బాగానే ఉంటుంది. ఇంట్లో మాత్రం అది చేతికి అదనపు పని. మీ మామగారికి ఉప్మా వద్దు, పిల్లలకు ఉప్మానే కావాలి. పక్కన గిన్నెలో పెట్టేస్తే ఎవరి ఇష్టం వాళ్లది. పావుకిలో బొంబాయి రవ్వ వేయించి, ఒకటికి మూడు నీళ్లు పోసి జారుగా చేయండి. గట్టిగా చేస్తే అరగంటలో గడ్డకడుతుంది.

పెసలు ముప్పావు కిలో, ఒక గుప్పెడు బియ్యం. రుబ్బేటప్పుడు మొదటి వాయి పచ్చిమిర్చి లేకుండా తీసి పక్కన పెట్టుకోండి, అది పిల్లలది. మిగతా వాయిల్లో అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు. మరీ మెత్తగా రుబ్బకండి, వేళ్ల మధ్య కాస్త గరుకు తగలాలి. రుబ్బేది పదింటి తర్వాతే. పొద్దున్నే రుబ్బి పెడితే అట్టు కరకర పోతుంది.

పెనం విషయం. ఇనుప పెనం మరీ కాలితే పిండి గరిటెతో పాటే లేచి వస్తుంది. నీళ్లు చిలకరించండి. చుయ్ మని ఆవిరైపోగానే, ఉల్లిపాయను అడ్డంగా కోసి ఆ సగాన్ని నూనెలో ముంచి పెనమంతా రుద్దండి. మంట తగ్గించి పిండి పోసి, నడుమ నుంచి బయటికి తిప్పుతూ పరచి, అప్పుడు మంట పెంచండి. ఉల్లి, అల్లం ముక్కలు, జీలకర్ర చల్లి అట్లకాడతో కొద్దిగా అదమండి, లేకపోతే కోసేటప్పుడు రాలిపోతాయి. నాన్‌స్టిక్ మీద ఉల్లిపాయ రుద్దక్కర్లేదు, మంట మాత్రం మధ్యస్థం దాటనివ్వకండి.

మీరు కూర్చోవడం గురించి. మొదటి విడత మీరే వేయండి. రెండో విడతకు బావమరిదికి ఒక పెనం, తోడల్లుడికి ఒక పెనం అప్పజెప్పి మీరు పళ్లెం పట్టుకోండి. సర్దుబాటు ముందే చెప్పి ఉంచండి. అక్కడికక్కడ అడిగితే "అయ్యో మేం వేస్తాం కదా" అంటూ ఆడవాళ్లు లేచేస్తారు.


మియాపూర్_అల్లుడు:

సగం అట్టు సంగతి వింటే నా లెక్కంతా ఒక్క గీతతో మారిపోయింది. తోడల్లుడికి ఇప్పుడే ఫోను చేశాను. "అట్టు చిరిగితే నన్నడగొద్దు" అన్నాడు, ఒప్పుకున్నట్టే.

ఒక వరస వేసుకున్నాను, చూడండి. శుక్రవారం: అల్లం పచ్చడి, పులిహోర పులుసు. శనివారం సాయంత్రం: గారెలు. రాత్రి: పెసలు నానబెట్టడం, కాఫీ డికాషన్‌కు రెండు ఫిల్టర్లూ నింపి ఉంచడం. ఆదివారం ఆరున్నరకు పరమాన్నం, ఏడున్నరకు అన్నం వండి పులిహోర కలపడం, ఎనిమిదిన్నరకు మామగారి అట్టు. తొమ్మిది నుంచి పదింబావు దాకా రెండు పొయ్యిలూ సర్వపిండివి. తర్వాత ఉప్మా, పక్కన పెసలు రుబ్బడం. పదకొండుకు రెండు పెనాలు. ఆ తర్వాత పొయ్యి మీదికి వేరేదేదీ ఎక్కదు.

పులిహోరకు అరకిలో సోనామసూరి, డెబ్బై ఐదు గ్రాముల చింతపండు అనుకున్నాను, సరిపోతుందా? పరమాన్నంలో బెల్లం వేస్తే పాలు విరుగుతాయని భయం కూడా ఉంది.


భీమవరం_పిన్ని:

చింతపండు కొత్తదైతే సరిపోతుంది, పాతదైతే తగ్గించు. అన్నం పలుకుగా వండి, పెద్ద పళ్లెంలో ఆరబోసి, వేడి మీదే పసుపు, నూనె, పచ్చి కరివేపాకు వేసి వదిలెయ్యి. పులుసు ఆరాక కలుపు. మూడు గంటలు ఊరితే పదకొండింటికి సరిగ్గా ఉంటుంది. ఇంగువ తాలింపులో వెయ్యి, మర్చిపోకు!

బెల్లం విషయం: లీటరు పాలు, నూట యాభై గ్రాముల బియ్యం, పావుకిలో బెల్లం. బియ్యం పాలల్లో మెత్తగా ఉడికాక పొయ్యి కట్టేసి, వేలు పెట్టగలిగేంత వేడికి రానివ్వు. బెల్లం విడిగా కరిగించి, వడకట్టి, అదీ చల్లారాక కలుపు. కలిపాక మళ్లీ పొయ్యి మీద పెట్టకు.


మియాపూర్_అల్లుడు:

అయిపోయింది. ఇంకెవరైనా ఇలాంటి పూట పెట్టుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

అందరూ కూర్చునేసరికి పదకొండుంబావు. సగం సగం అట్లు బ్రహ్మాండంగా నడిచాయి. మూడో విడతలో అడిగినవాళ్లు నలుగురే. రెండో విడతకు పెనాలు అప్పజెప్పి నేను మామగారి పక్కన కూర్చున్నాను. బావమరిదీ తోడల్లుడూ ఎవరి అట్టు పలుచన అని పోటీ పడి, పెనం ఖాళీ చేయకుండా పిల్లలకు అక్కర్లేనివి కూడా వేసేశారు. అత్తగారు రెండుసార్లు లేవబోయారు, రెండుసార్లూ మామగారే చెయ్యి పట్టి కూర్చోబెట్టారు.

సర్వపిండి ముందు అనుమానంగా చూశారు. "ఇది బియ్యప్పిండి రొట్టేనా?" అన్నారు అత్తగారు. ముక్క తుంచి, వాసన చూసి, "సొరకాయ వేశారు" అన్నారు, అడగలేదు, చెప్పారు. గిన్నె ఎంత మందముందో చూస్తానని వంటింట్లోకి వెళ్లి, దాన్ని బోర్లించి అడుగు కూడా చూసి వచ్చారు. అయిదు చేశాను, ఒక్కటి మా ఆవిడకని ముందే దాచకపోతే దక్కేది కాదు. మామగారు సర్వపిండి ముక్కలు ఇబ్బంది లేకుండా తిన్నారు. అంచులు మాత్రం మనవడి పళ్లెంలోకి జరిపారు.

కొలతల్లో మార్పులు: పెరుగు లీటరు తెచ్చాను, చాలలేదు. గారెలకు రాత్రి లీటరు, పొద్దున ఇంకో అరలీటరు, పెరుగన్నానికి విడిగా అరలీటరు, మొత్తం రెండు లీటర్లు చూసుకోండి. మరదలు వస్తూ దారిలో కొని తెచ్చింది కాబట్టి నడిచిపోయింది. పులిహోర అరకిలో ఎక్కువే, పావు వంతు మిగిలింది. రాత్రి రైలుకు డబ్బాలో కట్టించాం. పెసర పిండి రెండు గరిటెలు మిగిలింది, దాన్ని ఏం చేయవచ్చో ఎవరైనా చెప్పండి.


బెజవాడ_విందు_వంటలు:

ఫ్రిజ్‌లో దాచకండి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, చెంచాడు బియ్యప్పిండి కలిపి సాయంత్రానికి పునుగులు వేసేయండి.